ప్రసిద్ధ ఫాంటసీ నవలల బలాబలాలను దేనితో తూచాలి?

ప్రశ్న: కొత్తపుట

నమస్కారం. రెండేళ్లుగా ఫాంటసీ నవలలు చదువుతున్నాను. జె.కె. రౌలింగ్ రాసిన హ్యారీ పాటర్ ఏడు భాగాలూ, టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’, జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’లో ఇప్పటివరకు వచ్చిన ఐదు భాగాలూ పూర్తయ్యాయి. తర్వాత ఏది చదవాలో తేల్చుకుందామని సమీక్షలు తిరగేస్తే ఉన్న స్పష్టత కూడా పోయింది. ప్రతి నవల గురించీ ‘లోకనిర్మాణం అద్భుతం, పాత్రలు సజీవం, నిడివి మాత్రం కాస్త ఎక్కువ’ అన్న మూడు మాటలే కనిపిస్తున్నాయి. ఏ నవలకైనా అతికే మాట ఏ నవల గురించీ ఏమీ చెప్పనట్టే కదా.

నా చిక్కు ఇది. టోల్కీన్‌ను చదువుతున్నంతసేపూ ఆ లోకం నిజంగా ఎక్కడో ఉందనిపించింది కాని, ఎల్రాండ్ కొలువులో సాగే సుదీర్ఘమైన చర్చ దగ్గర రెండుసార్లు పుస్తకం పక్కన పెట్టేశాను. మార్టిన్ మొదటి మూడు భాగాలను నిద్ర మానుకొని చదివాను. నాలుగో భాగంలో నాకు ఇష్టమైన పాత్రల అధ్యాయాలే లేకపోయేసరికి నీరుగారిపోయాను. రౌలింగ్ ఎక్కడా విసుగు పుట్టించలేదు గాని, పుస్తకం మూశాక ఆ మాయల గురించి నాలుగు ప్రశ్నలు వేసుకుంటే ఐదో ప్రశ్నకు అంతా కూలిపోతుందేమోనన్న అనుమానం మిగిలింది.

వీటిలో ఏది గొప్పదని నేను అడగడం లేదు. ఒక ఫాంటసీ నవల బలాన్నీ లోపాన్నీ పక్కపక్కన పెట్టి చూడటానికి పనికొచ్చే కొలత ఏదైనా ఉందా? నేను చదవని నవలల గురించి రాసేవారు దయచేసి ముగింపులను బయటపెట్టవద్దని మనవి.

సమాధానం: మూడోచదువు

నేను వాడే కొలత ఒకటుంది, ఎంతవరకు పనికొస్తుందో మీరే చూడండి. రచయిత తన పుటలను దేనిమీద ఖర్చుపెట్టాడో ముందు గమనిస్తాను, ఆ తర్వాత ఎక్కడ పొదుపు చేశాడో వెతుకుతాను. నవల బలం మొదటిచోట ఉంటుంది, లోపం చాలావరకు రెండోచోట దొరుకుతుంది. వెయ్యి పుటలున్న నవలలో కూడా అన్నింటికీ చోటు ఉండదు.

టోల్కీన్‌నే తీసుకుందాం. ఆయన వృత్తిరీత్యా భాషాశాస్త్రవేత్త. ముందు భాషలు పుట్టించి, ఆ భాషలు మాట్లాడేవారికి ఒక చరిత్ర కావాలి కాబట్టి కథలు అల్లాడు. 1954, 55 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువడిన ఆ నవలలో దీని ఫలితం ఎలా కనిపిస్తుందో ఒక్క చోటు చూపిస్తాను. వెదర్‌టాప్ కొండ మీద, శత్రువులు వెంటాడుతున్న రాత్రి, చీకట్లో కూర్చున్న హాబిట్లకు (పొట్టి మనుషుల జాతివారికి) ధైర్యం చెప్పడానికి ఆరగోర్న్ టినూవియెల్ గాథను పాటగా పాడతాడు. మొత్తం కథ చెప్పడు, కొంత పాడి, కొంత వివరించి ఆపేస్తాడు. అయినా ఆ పాట వెనుక మరో పెద్ద కథ ఉందని పాఠకుడికి తెలిసిపోతుంది. అది భ్రమ కాదు, నిజంగానే ఉంది; రచయిత 1973లో మరణించాక, 1977లో వెలువడిన ‘ది సిల్మరిలియన్’లో అది అచ్చయింది. మీరు ‘నిజంగా ఎక్కడో ఉందనిపించింది’ అన్నది ఈ లోతు వల్లనే. చాలామంది తర్వాతి రచయితలు పటాలూ వంశవృక్షాలూ గీసి అదే లోతు తెద్దామని చూశారు గాని, వారి పాత్రలు పాత పాట పాడితే అది రచయిత ఆ పూట కట్టిన పాటలాగే వినిపిస్తుంది.

మరి పొదుపు ఎక్కడ జరిగింది? మనుషుల లోపలి ఆలోచనల్లో. ఆరగోర్న్ ఏమి చేస్తాడో మనకు తెలుస్తుంది, ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తాను ఏమనుకుంటాడో దాదాపు తెలియదు. స్త్రీ పాత్రలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని, అందులోనూ ఎయోవిన్ ఒక్కతెకే నిజమైన సంఘర్షణ దక్కింది. మీరు పక్కన పెట్టిన ఎల్రాండ్ కొలువు అధ్యాయంలో కథ ముందుకు కదలదన్నది నిజమే. కాని అక్కడ మాట్లాడేవారందరూ ఒకేలా మాట్లాడరు. మరుగుజ్జు జాతివాడైన గ్లోయిన్, గోండోర్ నుంచి వచ్చిన బోరొమిర్, ఎల్రాండ్, గాండాల్ఫ్ తమ తమ ప్రాంతాల వార్తలను తమ తమ పద్ధతిలో చెబుతారు, విడివిడిగా ఉన్న ముక్కలు ఒక చోటికి చేరి ప్రమాదం ఎంత పెద్దదో తేలుతుంది. మీకు ఓపిక ఉన్న రోజున ఆ అధ్యాయాన్ని పైకి చదివి చూడండి.

మార్టిన్ లెక్క దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. ఆయన ఖర్చంతా మనిషి లోపలే. 1996లో వచ్చిన మొదటి భాగంలో ముందుమాటలాంటి తొలి అధ్యాయాన్ని వదిలేస్తే ఎనిమిది మంది కళ్లతో కథ నడుస్తుంది, ప్రతి అధ్యాయం శీర్షిక ఆ పాత్ర పేరే. ఒకరి కంటికి దుర్మార్గుడిగా కనిపించినవాడి తలలోకి మూడో భాగంలో మనల్ని కూర్చోబెట్టగానే, అంతవరకు వాడిమీద పెంచుకున్న ద్వేషం ఏమి చేసుకోవాలో తోచదు. జేమీ లానిస్టర్ విషయంలో మీకూ అదే జరిగి ఉంటుంది. అయితే ఈ పద్ధతికి ఒక వడ్డీ ఉంది. ఒక్కో దృష్టికోణం చేర్చిన కొద్దీ ఆ మనిషిని ఒక చోటికి నడిపించే బాధ్యత కూడా నెత్తిన పడుతుంది. మూడు భాగాలుగా అనుకున్న కథ పెరుగుతూ పోయింది. మూడో భాగం తర్వాత కథను ఐదేళ్లు ముందుకు దూకించాలనుకొని, కుదరక ఆ ఆలోచన విరమించుకున్నాడు. నాలుగో భాగం ఒక పుస్తకంలో ఇమడకపోవడంతో పాత్రలవారీగా విడదీసి 2005లో సగం, 2011లో సగం ఇచ్చాడు. టిరియన్, డెనేరిస్, జాన్ స్నో అధ్యాయాలు మీకు కనిపించకపోవడానికి కారణం అదే. ఏ గుణం మిమ్మల్ని నిద్ర మానుకొని చదివించిందో, ఆ గుణమే మిమ్మల్ని నాలుగో భాగంలో నీరుగార్చింది.

రౌలింగ్ సంగతి మరొకరు రాస్తే బాగుంటుంది. ఆమె పుటలు ఖర్చుపెట్టింది అపరాధ పరిశోధన అల్లికమీద అన్నది మాత్రం నా అభిప్రాయం.

సమాధానం: పాదరసం

పై సమాధానం చివర వదిలేసిన కొసను నేను అందుకుంటాను. రౌలింగ్ అల్లిక ఎంత పకడ్బందీగా ఉంటుందో చెప్పడానికి మాయమయ్యే బీరువా ఒక్కటి చాలు. రెండో భాగంలో అది అల్లరి దయ్యం పీవ్స్ చేతిలో విరిగిపోయే ఒక పాత సామాను, చదివి నవ్వుకొని ముందుకు పోతాము. ఐదో భాగంలో ఒక విద్యార్థిని అందులోకి తోసేస్తారు, అదీ మరిచిపోతాము. ఆరో భాగానికి వచ్చేసరికి కథంతా ఆ బీరువా మీద తిరుగుతుంది. 1998లో వేసిన విత్తనం 2005లో మొలిచిందన్నమాట. ఇంత ఓపికగా ఆనవాళ్లు పాతిపెట్టేవారు ఈ రకం నవలల్లో అరుదు.

అంత జాగ్రత్త గల రచయిత్రే మాయల నియమాల దగ్గర మాత్రం చేయి వదిలేశారు. మూడో భాగంలో కాలాన్ని వెనక్కి తిప్పే గొలుసు ఒక పదమూడేళ్ల అమ్మాయికి, తరగతులన్నింటికీ హాజరు కావడానికని ఇచ్చారు. అలాంటి పరికరం ఉన్న లోకంలో ఇక ఏ చావునైనా ఎందుకు ఆపలేరన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. జవాబు లేదు కాబట్టి, ఐదో భాగంలో జరిగే ఒక పోరాటంలో ఆ పరికరాల నిల్వ మొత్తాన్ని పగలగొట్టేశారు. అది కథలో జరిగిన ప్రమాదంలా కాక, రచయిత్రి చేసుకున్న దిద్దుబాటులా కనిపిస్తుంది. మీ అనుమానం అర్థం లేనిది కాదు.

మంత్రాలకు చింతకాయలు రాలవని మన సామెత. రాలే లోకాన్ని సృష్టించినప్పుడు ఏ మంత్రానికి ఎన్ని రాలతాయో, రాల్చినవాడికి అయ్యే ఖర్చేమిటో చెప్పకపోతే ఉత్కంఠ నిలవదు. దీన్ని సూత్రంగా చెప్పింది బ్రాండన్ శాండర్సన్. మాయతో చిక్కుముడి విప్పాలంటే, ఆ మాయ పాఠకుడికి ఎంత బాగా అర్థమైతే అంత సంతృప్తికరంగా విప్పవచ్చన్నది 2007లో ఆయన రాసిన వ్యాసం సారాంశం. ఆయన ‘మిస్ట్‌బోర్న్’ మొదటి భాగం 2006లో వచ్చింది. అందులో మాయ అంటే లోహపు రజనును మింగి కడుపులో ‘మండించడం’. ఉక్కును మండించినవారు దగ్గరున్న లోహాన్ని నెట్టగలరు, ఇనుమును మండించినవారు లాగగలరు. ఒక నాణెం నేలమీద పడేసి దాన్ని నెట్టారనుకోండి. నాణెం వెనుక నేల ఉంది కాబట్టి అది కదలదు, నెట్టినవారే గాల్లోకి లేస్తారు. తమకంటే బరువైనదాన్ని నెడితే తామే వెనక్కి పోతారు. ఈ రెండు నియమాలూ తెలిసిన పాఠకుడు, రాత్రిపూట పైకప్పుల మీద జరిగే పోరాటాన్ని కథానాయికతో సమానంగా లెక్కవేస్తూ చదువుతాడు. ఆ ఆనందం నాకు మరే రచయిత దగ్గరా దొరకలేదు.

లోపం కూడా చెప్పాలి కదా. నియమాలన్నీ విప్పి చెప్పాక మాయలో విస్మయం మిగలదు, కొన్ని అధ్యాయాలు పరికరంతోపాటు వచ్చే సూచనల పుస్తకంలా ఉంటాయి. వాక్యం శుభ్రంగా ఉంటుంది తప్ప ఆగి మళ్లీ చదవాలనిపించదు. 2010లో ‘ది వే ఆఫ్ కింగ్స్’తో మొదలైన ఆయన పెద్ద వరుసలో ఈ రెండు గుణాలూ ఇంకా పెరిగాయి.

దీనికి అవతలి ఒడ్డున ఉన్నది ఉర్సులా లె గ్విన్. 1968లో వచ్చిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ మీ చేతిలో ఉన్న మార్టిన్ పుస్తకంలో నాలుగో వంతు కూడా ఉండదు. అందులో గెడ్ అనే కుర్రవాడు మాంత్రిక పాఠశాలలో చేరతాడు. ఒక గురువు గులకరాయిని అరచేతిలో పెట్టి వజ్రంగా చూపిస్తాడు. అది కనికట్టు మాత్రమే. దాన్ని నిజంగా వజ్రంగా మార్చడం ఎలాగని కుర్రవాడు అడుగుతాడు. దానికి రాయి అసలు పేరే మార్చాలని, ఇంత చిన్న ముక్కను మార్చినా లోకాన్ని మార్చినట్టేనని, దాని వెంట ఏ మేలు, ఏ కీడు వస్తాయో తెలిసేదాకా ఇసుకరేణువును కూడా మార్చకూడదని గురువు చెబుతాడు. ఒక పుట కూడా పట్టని సంభాషణ అది. మాయకు ఖర్చు ఉందని తెలిసింది, నియమం ఉందని తెలిసింది, విస్మయమూ చెదరలేదు.

లె గ్విన్ పొదుపు ఎక్కడంటే, దూరం నుంచి చెప్పే ఆ కథన పద్ధతిలో పక్క పాత్రలు గీతల బొమ్మల్లా మిగిలిపోతాయి. ఇంతకంటే పెద్ద లోపం స్త్రీల విషయంలో ఉంది. ఆ మొదటి పుస్తకంలో స్త్రీల మంత్రశక్తి బలహీనమైనదనీ, చెడ్డదనీ చెప్పే సామెతలను రచయిత్రి ఏ ప్రశ్నా లేకుండా కథలో ఉంచారు, పాఠశాలలో అందరూ మగవారే. ఆశ్చర్యమేమిటంటే ఆ లోపాన్ని ఎవరికంటే గట్టిగా పట్టుకున్నది ఆమే. 1990లో ‘టెహాను’ అనే నాలుగో పుస్తకంతో అదే లోకానికి తిరిగివచ్చి, మాంత్రికుల వైపు నుంచి కాకుండా ఇంటిపని చేసుకునే ఒక నడివయసు స్త్రీ వైపు నుంచి ఆ లోకాన్ని చూపించారు. రౌలింగ్ పరికరాలు పగలగొట్టిన దిద్దుబాటుకూ, ఈ దిద్దుబాటుకూ తేడా చూడండి.

సమాధానం: ఉలిదెబ్బ

‘మూడోచదువు’ గారి కొలత బాగానే ఉంది గాని, దాంట్లో ఒక ప్రమాదం ఉంది. ప్రతి లోపాన్నీ ఏదో ఒక బలానికి చెల్లించిన మూల్యంగా చూపించడం మొదలుపెడితే, రచయిత చేసిన పొరపాటు అంటూ ఏదీ మిగలదు. కొన్ని లోపాలకు వెనుక ఏ బలమూ ఉండదు, లోపం లోపమే.

రాబర్ట్ జోర్డన్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’ను చూడండి. 1990లో మొదలై 2013లో ముగిసిన పధ్నాలుగు భాగాల వరుస అది. పదో భాగం, 2003లో వచ్చిన ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్విలైట్’, దానిని ఇష్టపడేవారు కూడా తలపట్టుకునే పుస్తకం. తొమ్మిదో భాగం చివర ఒక మహా సంఘటన జరుగుతుంది, అదేమిటో చెప్పను. పదో భాగంలో పెద్ద భాగం ఆ సంఘటన జరుగుతున్న వేళ మిగతా పాత్రలు ఎక్కడెక్కడ ఏమి చేస్తూ దాన్ని దూరం నుంచి గమనించారో చెప్పడంతోనే సరిపోతుంది. పాఠకుడికి ముందే తెలిసిన విషయాన్ని ఒకరి తర్వాత ఒకరు వచ్చి ‘అటువైపు ఏదో వెలుగు’ అంటుంటే ఎంతసేపని వినగలం? ఇక కోపం వచ్చినప్పుడల్లా జడ పట్టుకు లాగే నైనీవ్ ఉంది. మొదటిసారి అది పాత్ర చిత్రణ, యాభయ్యోసారి అలవాటు, అదీ ఆమె అలవాటు కాదు, రచయితది. దీన్ని ఏ బలం ఖాతాలో రాయమంటారు?

అయినా ఆ వరుసను నేను పూర్తిచేశాను, చేసినందుకు బాధ లేదు. మొదటి భాగంలో దొర్లిన ఒక చిన్న మాటకు పదేళ్ల తర్వాతి పుస్తకంలో అర్థం తెలిసే చోట్లు అందులో చాలా ఉన్నాయి. జోర్డన్ 2007లో మరణించారు. ఆయన వదిలివెళ్లిన రాతల ఆధారంగా శాండర్సన్ చివరి మూడు భాగాలనూ పూర్తిచేశారు. వాక్యశైలి మారిందని, ముఖ్యంగా మ్యాట్ అనే పాత్ర హాస్యం తొలుత అతకలేదని ఫిర్యాదులున్నాయి, అవి న్యాయమైనవే. కాని కథ కంచికి చేరింది. మార్టిన్ ఐదో భాగం తర్వాత ఎదురుచూస్తున్నవారికి ఈ ఒక్క గుణం విలువ చెప్పనక్కరలేదు.

సమాధానం: దీపంకింద

ఇంతవరకు ఎవరూ కథకుడి గొంతు గురించి ఎత్తలేదు కాబట్టి రెండు మాటలు. ‘నేను’ అంటూ నడిచే రెండు ప్రసిద్ధ ఫాంటసీలను పక్కపక్కన చదివితే చాలా విషయాలు తేలతాయి.

రాబిన్ హాబ్ ‘అసాసిన్స్ అప్రెంటిస్’ 1995లో వచ్చింది. రాజుగారి కొడుకుకు వివాహేతరంగా పుట్టిన ఫిట్జ్ అనే కుర్రవాడిని కోటలో రహస్య హంతకుడిగా తయారుచేస్తారు. లోకాన్ని కాపాడే పెద్ద పనులు ఉన్నా, గుర్తుండిపోయేవి మాత్రం అతడు అశ్వశాలలో కుక్కపిల్లల మధ్య పడుకున్న రాత్రులు, పెంచినవాడు కోప్పడిన రోజులు. దెబ్బ తగిలితే మనకు తగిలినట్టుంటుంది. లోపం ఏమిటంటే, అతడి దుఃఖంలో ఉన్నంతసేపు బయటకు గాలి రాదు. 1997లో వచ్చిన మూడో భాగంలో ప్రయాణం ఎంతకీ తెమలదు, తెలిసి తెలిసి అదే తప్పు మళ్లీ చేస్తుంటే భుజాలు పట్టుకొని కుదిపేయాలనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం పాత్రల విషయంలో హాబ్‌ను మించినవారు ఈ రంగంలో లేరు, మార్టిన్‌తో సహా.

పాట్రిక్ రాత్‌ఫస్ ‘ది నేమ్ ఆఫ్ ది విండ్’ 2007 నాటిది. ఒక సత్రం యజమాని మూడు రోజులపాటు తన జీవితకథను చెబుతాడు, రోజుకొక పుస్తకం. చెవికి ఇంపైన వాక్యం కావాలంటే ఇదే. రాక్షసులకంటే కథానాయకుడి జేబులో డబ్బు లేకపోవడమే ఎక్కువ ఉత్కంఠ కలిగించడం ఇందులో విచిత్రం. విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి ఆచార్యులందరూ వరుసగా ప్రశ్నలు వేసి, జవాబులను బట్టి ఫీజు నిర్ణయిస్తారు. చేతిలో చిల్లిగవ్వ లేని ఈ కుర్రవాడికి వాళ్లే ఎదురు డబ్బు ఇచ్చేలా తేలే ఆ సన్నివేశాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అయితే అతడికి రానిది లేదు, ప్రతి పనిలోనూ మేటి, చెప్పేది తనే కాబట్టి గొప్పలా నిజమా తెలియదు. అది లోపమా, రచయిత ఎత్తుగడా అన్నది మూడో రోజు కథ వస్తే గాని తేలదు. రెండో రోజు కథ 2011లో వచ్చింది. మూడోది ఇంకా రాలేదు. ముగింపు లేనిదే మొదలుపెట్టనంటే దీన్ని పక్కన పెట్టండి.

కొత్తపుట

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఎల్రాండ్ కొలువు అధ్యాయాన్ని ‘మూడోచదువు’ గారు చెప్పినట్టు పైకి చదివాను. ఈసారి పక్కన పెట్టలేదు. సారుమాన్ మాటలను గాండాల్ఫ్ తిరిగి చెప్పే చోట, ఆ మాటల్లో ఒక రకమైన నున్నదనం ఉందని మొదటిసారి వినిపించింది. అంతకుముందు కళ్లతో పరుగెత్తినప్పుడు అది తప్పిపోయింది. అయితే అధ్యాయం నిడివి ఎక్కువేనన్న అభిప్రాయం మార్చుకోలేదు.

‘ఉలిదెబ్బ’ గారి అభ్యంతరం కూడా నచ్చింది. పధ్నాలుగు భాగాలకు ఇప్పుడు ధైర్యం చాలదు. ముందు ఎర్త్‌సీ, తర్వాత హాబ్ అని అనుకుంటున్నాను. ఇటీవలి కాలంలో వచ్చినవాటిలో తప్పక చదవాల్సింది ఏదైనా ఉంటే ఒకటి చెప్పండి, రెండు వద్దు.

సమాధానం: పాదరసం

ఒకటే అంటే ఎన్.కె. జెమిసిన్ ‘ది ఫిఫ్త్ సీజన్’, 2015. అది మొదటిదిగా వచ్చిన మూడు నవలల వరుసకు 2016, 2017, 2018లలో, ఏటా ఒక నవలకు చొప్పున, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. భూకంపాలను అదుపు చేయగల మనుషులను లోకం బానిసలుగా వాడుకుంటూ, భయపడుతూ, చంపుతూ ఉండే కథ. అందులో ఒక భాగం పాఠకుడిని ‘నువ్వు’ అని పిలుస్తూ నడుస్తుంది. మొదటి యాభై పుటల్లో అది చికాకు పెడుతుంది, కొత్త పదాలు కూడా గుట్టలుగా మీద పడతాయి, వాటి అర్థాలు చివరి అనుబంధంలో ఉన్నాయని నాకు సగం చదివాక గాని తెలియలేదు. ‘నువ్వు’ అని ఎందుకన్నారో తర్వాత తెలుస్తుంది కాబట్టి అక్కడ ఆపకండి. ఎర్త్‌సీ విషయంలో ఒక్క సూచన: మొదటి మూడు పుస్తకాలనూ వెంటవెంటనే చదివినా, ‘టెహాను’కు ముందు కొన్నాళ్లు విరామం ఇవ్వండి. రచయిత్రి పద్దెనిమిదేళ్లు ఇచ్చారు.